సుభానీ ఇచ్చిన గాలిబండ

ప్రత్తిపాడు,
నవంబరు 2008.

చిరంజీవి పానకాలుకి,

మీ బావ కోటేష్ దీవెనలు. ఇక్కడ మీ అక్కయ్య రాజేశ్వరి, పాప, మీ అమ్మ, నేను అందరం బాగున్నామని రాయాలి. అది రాయకపోతే ఉత్తరానికి తలకాయ ఉండదంటారు కాబట్టి రాశాను. మిగతాది చదివి ఎంతవరకు బాగున్నామో నువ్వే తేల్చుకో. నువ్వు ఆ బెంగుళూరు చలిలో వేళకు తింటున్నావనీ, వంటికి ఏమీ లేదనీ తలుస్తాను.

అక్షరాలు వంకర పోతున్నాయని నవ్వకు. నువ్వు ఆసుపత్రికి వచ్చి వెళ్లినప్పుడు డాక్టరు ఇంకో పది రోజులు చూద్దాం అన్నాడు గదా. ఆయన చూశాడు. నేను మాత్రం ఆ కుడి కంటితో ఇక చూడను. మీ అక్కయ్య ఈ సంగతి ఫోనులో నీకు చెప్పలేక "తగ్గుతా ఉంది" అని సరిపెట్టింది. దాన్ని ఏమీ అనకు. ఒంటికన్నుతో ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో అందడం లేదురా. స్ప్రేయరులో పెట్రోలు పొయ్యబోతే గరాటు పక్కన పోస్తున్నాను. మంచినీళ్ల గ్లాసుకు చెయ్యి చాపితే చెయ్యి ముందే ఆగిపోతోంది. చెవిలో జిన్నింగు మిల్లు ఆడుతున్నట్టు ఒకటే రొద. ఫోను పెట్టుకుంటే అవతలివాళ్ల మాటలన్నీ ఆ రొదలో కలిసిపోతున్నాయి. అందుకే ఈ కాగితం.

పత్తి తీతలు మొదలయ్యాయి. కూలీలు దొరక్క అందరూ అరుస్తున్నారు. మిరప తోటలకు ముడత వచ్చి, మన కొట్టు ముందు బాగుచేయాల్సిన స్ప్రేయర్లు గుట్ట పడ్డాయి. మా తమ్ముడు చూసుకుంటున్నాడు గానీ వాడి పనితనం నీకు తెలిసిందే. ఒకటి బాగుచేస్తే ఇంకోటి చెడగొడతాడు.

నీ ఉత్తరం అందింది. మీ అక్కయ్య చదివి వినిపిస్తానని కూర్చుంది గానీ, సగంలో బూతులు వచ్చేసరికి నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. ఆదివారం నలుగురిని జీపెక్కించుకుని వస్తాననీ, గుంటూరులో గాలిబండలమ్మే సుభానీ కొట్టును నేలమట్టం చేసి, బావ కంటికి వాడి దగ్గర సమాధానం తీసుకుంటాననీ రాశావు. నీ ప్రేమకు సంతోషమే. కానీ వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికే ఇంత రాస్తున్నాను. చివరిదాకా చదివేవరకు జీపు మాట్లాడమాక.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. "సుభానీ మోసం చేశాడు, ఈసారి గాలిబండ, రెగ్యులేటరు ఇక్కడే కొంటాను, మంచివి ఎలా పట్టుకోవాలో చెప్పు బావా" అన్నావు. కన్ను పోయాక కూడా సలహా అడిగే బావమరిది దొరకడం నా అదృష్టం! నాకు తెలిసింది తక్కువేరా. ట్రాక్టరు టైర్లు, పురుగుమందు కొట్టే మిషన్లు, ఇదీ నా చదువు. టైర్లో ఉండే గాలి పిల్లి అయితే, రంగు గుళ్లు కాల్చే మీ పెయింట్‌బాల్ తుపాకులకు కావలసిన గాలి పులి. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

రంగు పూసి మెరిసిపోయే బండను చూసి మురిసిపోకు. దాని మెడ దగ్గర ఇనుములో గుద్దిన అంకెలు చూడు. నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి పరీక్ష చేసిన తేదీ అక్కడ ఉంటుంది. ఆ తేదీ ఏనాటిదో అయినా, అసలు లేకపోయినా, అమ్మేవాడు నీకు సొంత మేనమామ అయినా సరే వెనక్కి తిరిగి వచ్చెయ్. ఇనుపదా, పైన నార చుట్టిన తేలికదా అని అడిగావు. తుపాకికి తగిలించే చిన్న బండకు తేలికదే మేలు, ఆడేవాళ్లు భుజం నొప్పి లేకుండా పరిగెడతారు. కానీ కింద పడి గీరుకుపోయినదాన్ని మళ్లీ నింపకూడదు. దానికి ఆయుష్షు కూడా ఉంటుంది. పైకి ఎంత బాగా కనపడినా ఆ గడువు దాటితే పక్కన పడెయ్యాలి. షెడ్డులో నిలబెట్టి, చిన్నవాటిని నింపుకునే పెద్ద బండ మాత్రం ఇనుపదే తీసుకో.

రెగ్యులేటరుకు రెండు ముళ్లు ఉండాలి. బండలో ఎంత ఉందో ఒకటి చెప్పాలి, బయటికి ఎంత వస్తోందో ఒకటి చెప్పాలి. బయటి గొట్టం మూసేసి ఆ రెండో ముల్లును చూస్తూ కూర్చో. కదలకుండా నిలబడితే మంచి సరుకు. మెల్లమెల్లగా పైకి పాకుతోందంటే లోపల గాలిని ఆపే బిళ్ల అరిగిందన్నమాట, దాన్ని ముట్టుకోకు. ఒత్తిడి మితిమీరితే దానంతటదే బుస్సుమని వదిలేసే ఏర్పాటు ఉందో లేదో అడుగు. అతుకులకు సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడు. తిప్పేటప్పుడు ఎప్పుడూ దాని మొహంలో మొహం పెట్టకు, పక్కకు నిలబడు. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని తర్వాత రాస్తాను. ఇప్పుడే రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇవన్నీ నాకు ఎవరు చెప్పారనుకున్నావు? ఆ సుభానీయే. ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టువాడు నీకోసం వెతికేటప్పుడు, ఎర్రరంగు కొట్టిన బండ ఒకటి నాకు అంటగట్టబోయాడు. సుభానీ దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెబితే, "దాని మెడ గీకి చూశారా కోటేష్ గారూ?" అన్నాడు. మర్నాడు పోయి రూపాయి బిళ్లతో గీకితే ఆ ఎర్రరంగు కింద తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అప్పుడు సుభానీ తన దగ్గరున్న వాటిలోంచి ఒక బండ, ఒక రెగ్యులేటరు తీసి, తేదీ చూపించి, ముల్లు పాకుతుందో లేదో నా కళ్లెదుట పరీక్ష పెట్టి మరీ ఇచ్చాడు. అప్పటికి నాకు రెండు కళ్లూ ఉన్నాయి, రెంటితోనూ చూసుకున్నాను.

నువ్వు ఇక్కడ పెట్టబోయే ఆట సంగతి ఊళ్లో ఎవరికీ ఎక్కలేదు. మంగళగిరి దగ్గర హైవే పక్కన, కాలేజీ కుర్రాళ్లు డబ్బిచ్చి మరీ ఒకళ్ల మీద ఒకళ్లు రంగు గుళ్లు కాల్చుకుంటారంటే, "హోళీ ఉండనే ఉంది గదయ్యా, దానికి తుపాకులెందుకు?" అని మా నాన్న ఒకటే నవ్వు. నవ్వనివ్వు అనుకున్నాను. నువ్వు బెంగుళూరులో ఎవరి కిందో పడి ఉండకుండా మన వైపు వచ్చి నీ కాళ్ల మీద నువ్వు నిలబడతావని మీ అక్కయ్య మొక్కని దేవుడు లేడు. మీ అమ్మ అయితే నువ్వు పంపిన ఆ రెండు తుపాకులను బియ్యం గదిలో పెట్టి, దుమ్ము పడకుండా పాత చీర కప్పింది. "నా కొడుకు సామాను" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

దసరా వచ్చింది. విజయదశమి నాడు కొట్టు ముందు ఊడ్చి కళ్లాపి చల్లి, స్ప్రేయర్లు, పానాలు, సుత్తులు, నా మోటారు సైకిలు, నీ తుపాకులు, బండ, రెగ్యులేటరు అన్నీ వరసగా పెట్టాం. పసుపు, కుంకుమ, బంతిపూలు. తుపాకులకు కూడా బొట్లు పెట్టి పాప చప్పట్లు కొట్టింది. మా తమ్ముడు ఆకుపచ్చ పెయింటు డబ్బా పట్టుకొచ్చి బండకు పూద్దామన్నాడు. "ఒరేయ్, మెడ మీద అంకెలు పోతాయిరా వెధవా" అని కసిరాను. అంత జాగ్రత్తగా ఉన్నానన్నమాట! గుమ్మడికాయ కొట్టాం. ఇంటిల్లిపాదీ నవ్వుతూనే ఉన్నాం.

పండగ వెళ్లాక రెగ్యులేటరు బిగించాను. పండగకు ముందు గట్టిగా పట్టి కిర్రుకిర్రుమన్నది, ఆ రోజు వేలితో తిప్పితేనే హాయిగా తిరిగింది. సంతోషపడ్డాను, వెర్రివాణ్ణి. ముల్లు లేస్తుందో లేదో చూద్దామని వంగి బండ మూత తిప్పాను. చెప్పానుగా, మొహం పెట్టకూడదని. నాకు చెప్పినవాడు చెప్పాడు, నేను పెట్టాను. పెద్ద చప్పుడు, మంట, అంతే నాకు తెలుసు. రెగ్యులేటరు ముల్లు మీది అద్దం పగిలి ఆ ముక్కలు కంట్లో దిగాయి. మా తమ్ముడు పరిగెత్తుకొచ్చి బండ మూత కట్టేశాడు.

నన్ను గుంటూరు ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే మా తమ్ముడు, మరో ఇద్దరు సుభానీ కొట్టు మీదికి పోయారు. బజారంతా వినపడేలా "చచ్చు సరుకు అమ్మి మనిషి కన్ను పోగొట్టావు" అని తిట్టి, ముందున్న గొట్టాలు రోడ్డు మీద విసిరేశారు. ఆ తర్వాత అతని దగ్గర కొనేవాడు కొనడం మానేశాడు. వెల్డింగు షాపులవాళ్లు కూడా పక్క కొట్టుకు పోతున్నారు. నేను ఆసుపత్రి మంచం మీద పడుకుని ఇదంతా విని, "బాగా చేశారు" అన్నాను. అప్పటికి నేనూ అదే నమ్మాను.

ఇక అసలు సంగతి. ఇది మీ అక్కయ్యకు కూడా చాలా రోజులు చెప్పలేదు.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం కొట్టు మూలన పడి ఉన్న ఆ రెగ్యులేటరు ముక్క చేతిలోకి తీసుకున్నాను. గాలి లోపలికి పోయే దారంతా నల్లగా మాడిపోయి ఉంది. వాసన చూశాను. దీపం కొండెక్కినప్పుడు వచ్చే వాసన, ఆముదం మాడిన వాసన. ఇందాక తర్వాత రాస్తానన్నది ఇదే. అంత ఒత్తిడి గాలి పోయే దారిలో నూనె చుక్క తగలకూడదు పానకాలూ. గాలి ఒక్కసారిగా విసురుగా వచ్చి కొట్టినప్పుడు ఆ నూనె భగ్గుమంటుంది. "నూనె చేత్తో కూడా ముట్టుకోవద్దండీ" అని సుభానీ రెండుసార్లు చెప్పాడు. కొట్లో వాళ్లకు చెప్పాను. ఇంట్లో చెప్పాలని నాకు తోచలేదు.

మీ అమ్మ పెరట్లో కూర్చుని వత్తులు చేస్తోంది. ఏమీ ఎరగనట్టు వెళ్లి, "అత్తమ్మా, దసరా నాడు సామాన్లకు మీరేమన్నా రాశారా?" అన్నాను.

"రాయకుండా ఎట్టా ఉంటా అల్లుడా? మీ మావయ్య ఉన్నప్పుడు పండగనాడు ఇరుసుకు ఆముదం రాయందే బండి గడప దాటేది కాదు. అన్నిటికీ రాశా. నువ్వు ఆ ఇత్తడిదాంతో కుస్తీ పడతా ఉంటే చూశా గదా, పాపం కిర్రుమంటందని దానికి లోపలిదాకా వేలు పెట్టి మరీ రాశా" అంది. ఎంత సంబరంగా అందనుకున్నావు!

"మంచిపని చేశారు అత్తమ్మా" అని వచ్చేశాను. ఇంకేమనాలి? నువ్వే చెప్పు. అల్లుడికి కష్టం తగ్గిద్దామనీ, కొడుకు సామానుకు మంచి జరగాలనీ రాసిన చెయ్యి అది. బండది తప్పు కాదు. అది ఈ రోజుకీ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. సుభానీ నిక్కమైన సరుకే ఇచ్చాడు. ఆ మాట బయటికి చెబితే మీ అమ్మ ఏమైపోతుందోనని నోరు కుట్టేసుకున్నాను. సుభానీది పరువు, ఈమెది ప్రాణం, పరువు మళ్లీ వస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎదుటివాడి పరువు గదా, ఎన్నయినా చెప్పుకుంటాం.

పోయిన వారం సుభానీయే ఇంటికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. నా కంటి కట్టు చూసి ముందు తల దించుకున్నాడు. మీ అమ్మ మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. "ఆ రెగ్యులేటరు ఒకసారి చూపించండి" అన్నాడు. ఇచ్చాను. వాసన చూసి నా వంక చూశాడు.

"కోటేష్ గారూ, ఇది నా సరుకు తప్పేనా?"

"కాదు సుభానీ."

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

నేను మజ్జిగ గ్లాసు అతని వైపు జరిపాను.

"నా నోటికాడ కూడు తీశారు గదండీ. మా ఇంటిది జుబేదా బజారుకు పోవాలంటే సిగ్గుపడి ఏడుస్తా ఉంది. ఎవురు రాశారో, ఎందుకు రాశారో నాకొద్దు. మీరొచ్చి నా కొట్టు ముందు నిలబడి, బండ మంచిదే అని ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాడు. గొంతు పెద్దదైంది. నాకు చెవుడు గదా, అతను గట్టిగానే మాట్లాడాలి, నేనూ గట్టిగానే మాట్లాడతాను. "రాసింది మా అత్తగారయ్యా. ఆమెకు తెలిస్తే బతకదు" అన్నాను. చెవిటివాడి రహస్యం ఊరికంతా వినపడుతుందంటే ఇదే కాబోలు. వాకిట్లో మేమిద్దరం, తలుపు వెనక మీ అమ్మ.

మర్నాడు పొద్దున్నే మీ అమ్మ నా కంటి చుక్కలమందు తెస్తానని బస్సెక్కి గుంటూరు పోయింది. మధ్యాహ్నం దాటినా రాలేదు. సాయంత్రానికి సుభానీ మీ అక్కయ్యకు ఫోను చేశాడు. "అమ్మా, పెద్దామె నా కొట్టు మెట్ల మీద కూర్చుంది. దారిన పోయేవాళ్లనందర్నీ పిలిచి చెబుతా ఉంది. అన్నం తినమంటే తినదు, లెమ్మంటే లేవదు. వచ్చి తీసుకుపోండి" అన్నాడు.

వెళ్లాం. చీర కొంగు నెత్తిన కప్పుకుని, ఎండలో ఎర్రబడి కూర్చుంది. రిక్షావాణ్ణి కూడా వదల్లేదు. "నాయనా, ఈ సాయిబుగారి సరుకు మంచిదయ్యా. ఆముదం రాసి చెడగొట్టింది నేను, గురవమ్మను. నా అల్లుడి కన్ను తీసింది నేను" అంటోంది. గొంతు బొంగురుపోయింది. మీ అక్కయ్య ఆమెను పట్టుకుని బజారులో భోరుమంది. అప్పుడు నేనూ నిలబడి చెప్పాను, బండ మంచిదేనని. చెప్పాల్సిన రోజున చెప్పనిది, ఆమె చెప్పాక చెప్పాను. సుభానీ మాతో బస్టాండు దాకా వచ్చి, "తెలియక జరిగిందమ్మా, మనసులో పెట్టుకోమాకండి" అన్నాడు. కాబట్టి అతని కొట్టు మీద నువ్వు చెయ్యి వేస్తే, ముందు నన్ను దాటుకుని వెయ్యాలి.

ఇప్పుడు అతని దగ్గరికి మళ్లీ ఒకళ్లిద్దరు వస్తున్నారట. అది ఆ పని వల్ల జరిగిన మేలు. మన ఇంట్లో మాత్రం మంచి లేదు పానకాలూ. మీ అమ్మ సరిగా తినడం లేదు, రాత్రిళ్లు రెప్ప వెయ్యడం లేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంటూ కూర్చుంటోంది. పాప వచ్చి ఒళ్లో కూర్చుంటే తోసేస్తోంది, తన చెయ్యి తగిలితే దానికేమన్నా అవుతుందని.

మొన్న నాకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. "అల్లుడా, ఒకటి అడుగుతా, కాదనమాక" అంది.

"చెప్పండి అత్తమ్మా."

"తెలీక చేసింది, ముసలిది, దానికేం తెలుసు అని ఊరంతా అంటన్నారు. నా కూతురూ అదే అంటంది. ఆ సాయిబూ అదే అన్నాడు. ఎంతమంది అన్నా నా గుండెల మీద బండ దిగటంలా. నీ నోరంటే ఊళ్లో అందరికీ భయమే గదా. ఆ నోటితో నన్ను తిట్టు నాయనా. కన్ను పొడిచావు గదే ముసలిదానా అను. అప్పుడు నాకు నిద్ర పడతది" అంది.

నిజంగానే నా నోరు అలాంటిది. కరెంటు వాణ్ణి తిట్టాను, కన్నతండ్రిని తిట్టాను, నా పెళ్లిలో నిన్ను కూడా తిట్టాను. కానీ ఆ మాట నా నోట రాలేదురా. అత్తగారిని అంతమాట అన్న అల్లుడు మన వైపు ఎక్కడన్నా ఉన్నాడా? పైగా నాకు ఆమె మీద కోపం లేదు. లేని కోపం ఎక్కడినుంచి తెచ్చుకోను? కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాను. నిన్న మళ్లీ అడిగింది. ఇవాళ అడగలేదు. అడగకపోయేసరికి నాకు నిజంగా భయం పట్టుకుంది.

నువ్వయితే కొడుకువి. చిన్నప్పటినుంచీ ఆమెతో పోట్లాడి పెరిగినవాడివి. నువ్వు తిడితే అది తిట్టులాగా ఉంటుంది, ఆమెకు తగులుతుంది. కాబట్టి ఆదివారం రా. జీపు వద్దు, మనుషులు వద్దు, బస్సెక్కి ఒక్కడివే రా. సుభానీ కోసం దాచుకున్నావే ఆ బూతులు, వాటిని దారిలో ఎక్కడా ఖర్చు పెట్టకు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే, బాగున్నావా అని అడగకముందే మీ అమ్మను తిట్టు. ఆమె ఏడ్చేదాకా తిట్టు. నేను అడ్డం రాను, మీ అక్కయ్యను కూడా రానివ్వను.

ఇట్లు,
ఈ ఒక్క పని చేతగాని మీ బావ,
కోటేష్